మాట్లాడే టెడ్డీకి స్నానం చేయించడం ఎలా?

పిల్లలు రోజూ పక్కలో వేసుకుని పడుకునే బొమ్మను ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. పాల వాసన, చెమట వాసన, ఎప్పుడో నోట్లో పెట్టుకుని చప్పరించిన చెవి దగ్గర అట్టకట్టిన బొచ్చు. మామూలు గుడ్డ బొమ్మ అయితే ఉతికి ఆరేస్తాం, అంతే. పొట్ట నొక్కితే పాడేది, చెయ్యి పట్టుకుంటే మాట్లాడేది, చీకట్లో వెలిగేది అయితే మాత్రం చేతులు ఆగిపోతాయి. లోపల బ్యాటరీలు ఉన్నాయి, నీళ్లు తగిలితే పాడైపోతుందేమోనని భయం. ఆ భయంతోనే ఇలాంటి బొమ్మలు కొన్న రోజు నుంచీ ఒక్కసారి కూడా శుభ్రం కాకుండా ఉండిపోతుంటాయి. నిజానికి మిగతా అన్ని బొమ్మల కంటే ఎక్కువగా పిల్లల ముఖానికి ఆనుకుని ఉండేవి ఇవే.

నాకు ఈ పని ఒక బొమ్మ పోగొట్టుకున్నాకే వచ్చింది. మా అమ్మాయికి రెండేళ్లప్పుడు ఒక కుందేలు ఉండేది. పొట్ట నొక్కితే జోలపాట పాడేది. ఒకరోజు దాని మీద పాలు ఒలికాయి. బ్యాటరీలు తీసి, జాగ్రత్తగానే కడిగాను. సాయంత్రానికి పైకి పొడిగా అనిపించింది. కుందేలు లేకుండా అమ్మాయి నిద్రపోవడం లేదు, ఒకటే ఏడుపు. సరేనని బ్యాటరీలు వేసేశాను. పాట మొదలైంది కూడా. కాసేపటికే గొంతు సాగుతూ సాగుతూ ఆగిపోయింది. వారం తర్వాత కుట్లు విప్పి చూస్తే లోపలి సర్క్యూట్ బోర్డు మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది.

బోర్డు తడిసినంత మాత్రాన అంత తొందరగా పాడవదు. తడి ఉండగానే కరెంటు పారితే దాని మీది రాగి గీతలు కరిగి చిలుముగా మారిపోతాయి, పక్కపక్కన ఉన్న గీతలు షార్ట్ అవుతాయి. నేను ఇంకో రోజు ఆగి ఉంటే ఆ కుందేలు ఇప్పటికీ పాడేది. అందుకే కడగడానికి అరగంట, ఆరడానికి రెండు రోజులు అని ముందే లెక్క వేసుకుని మొదలుపెట్టండి. శనివారం పొద్దున మొదలుపెడితే సోమవారం పిల్లల చేతికి ఇవ్వచ్చు.

ముందు బొమ్మను తడిమి చూడండి

తోక దగ్గరో, కాలి కుట్టులోనో చిన్న తెల్ల లేబుల్ ఉంటుంది. తొట్టి బొమ్మలో చెయ్యి గీసి ఉంటే చేత్తో ఉతకచ్చు. తొట్టి మీద ఇంటూ గుర్తు ఉంటే నీళ్లలో ముంచకూడదు. త్రికోణం మీద ఇంటూ ఉంటే బ్లీచ్ వాడకూడదు. 'సర్ఫేస్ వాష్ ఓన్లీ' అని రాసి ఉంటే పైపైన మాత్రమే శుభ్రం చేయాలి. లేబుల్ ఎప్పుడో కత్తిరించి పారేసి ఉంటే, ముంచకూడని బొమ్మ అనే అనుకోండి.

తర్వాత కళ్లు మూసుకుని బొమ్మంతా వేళ్లతో నొక్కుతూ వెళ్లండి. పొట్టలో గట్టిగా సబ్బుబిళ్ల అంత డబ్బా తగులుతుంది, అది సౌండ్ బాక్స్. అక్కడి నుంచి అరచేతిలోకో పాదంలోకో సన్నటి వైరు వెళ్తున్నట్టు తెలుస్తుంది, దాని చివర నొక్కే బటన్ ఉంటుంది. బుగ్గల్లో బల్బులు ఉంటే అక్కడ కూడా చిన్న గట్టి ముద్ద తగులుతుంది. ఎక్కడెక్కడ ఏముందో తెలిస్తే ఎక్కడ తడి చేయకూడదో తెలిసినట్టే.

వీపు మీద వెల్క్రో గానీ జిప్ గానీ ఉండి, డబ్బా మొత్తం బయటికి వచ్చేస్తే మీ పని చాలా తేలిక. డబ్బా లోపలే కుట్టేసి, బ్యాటరీల మూత మాత్రం తెరుచుకునే బొమ్మలతో కొంచెం ఓపిక కావాలి. ఇక నడిచేవి, తోక ఊపేవి, కళ్లు ఆర్పేవి వేరే జాతి. వాటిలో ప్లాస్టిక్ అస్థిపంజరం మీద బొచ్చు చొక్కాలా తొడిగి ఉంటుంది. 1998లో వచ్చిన ఫర్బీ అనే మాట్లాడే బొచ్చు బొమ్మ మొదటి రకంలో కళ్లు, చెవులు, నోరు అన్నీ ఒకే ఒక్క మోటారుతో కదిలేవి. అలాంటి వాటి లోపల గేర్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. తడి, సబ్బు లోపలికి దిగితే వాటికి పూసిన గ్రీజు పోయి బిగుసుకుపోతాయి. వీటిని ఎట్టి పరిస్థితుల్లోనూ ముంచకండి, కొళాయి కింద పట్టకండి. కింద చెప్పబోయే నురగ పద్ధతే వీటికి దిక్కు.

బ్యాటరీలు తీయడం

స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు. బ్యాటరీలు బయటికి రావాల్సిందే. మూతకు చిన్న స్టార్ స్క్రూ ఉంటుంది. సరిపోయే సైజు స్క్రూడ్రైవర్‌తోనే తిప్పండి, కత్తి మొనతో తిప్పితే స్క్రూ తల అరిగిపోయి ఇంకెప్పుడూ రాదు. బ్యాటరీలు తీసేముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి, ప్లస్ ఎటు, మైనస్ ఎటు అని తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

లోపల ఉన్నవి గుండ్రటి బటన్ సెల్స్ అయితే ఒక్క నిమిషం ఆగండి. పిల్లల్ని ఆ గదిలోంచి పంపేసి అప్పుడు మూత తీయండి. తీసిన సెల్స్ లెక్కపెట్టి, మూత ఉన్న సీసాలో వేసి, అందనంత ఎత్తులో పెట్టండి. పిల్లలు మింగిన బటన్ సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపల తీవ్రమైన కాలిన గాయం చేయగలదు. నాణెంలా వెడల్పుగా, 20 మిల్లీమీటర్లు ఉండే లిథియం సెల్స్ మరీ ప్రమాదం. పాతబడి బొమ్మను పాడించలేని సెల్‌లో కూడా ఆ గాయం చేసేంత కరెంటు మిగిలే ఉంటుంది. ఒక సెల్ తక్కువైందని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నొప్పి వచ్చాక చూద్దాం అని ఎదురుచూడకండి.

బ్యాటరీ గూట్లో తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు ఉంటే పాత ఆల్కలైన్ బ్యాటరీ కారిందన్నమాట. అందులో ఉండే పొటాషియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని, కళ్లను బాధపెడుతుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. ఇయర్ బడ్‌ను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి ఆ తెల్లటి పొర మీద అద్దితే చిన్నగా బుసబుస పొంగుతుంది. పొంగడం ఆగేదాకా అద్ది, తడిపి పిండిన ఇయర్ బడ్‌తో తుడిచి, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (తుడవడానికి వాడే, త్వరగా ఆవిరయ్యే స్పిరిట్) ఒకసారి తుడవండి. స్ప్రింగు మళ్లీ మెరిస్తే బొమ్మ బతికినట్టే. పూర్తిగా తినేసి, ముట్టుకుంటే విరిగిపోతుంటే ఇక బాగుచేయడం కష్టం.

ఛార్జింగ్ పెట్టే రకం బొమ్మల్లో బ్యాటరీ సాధారణంగా బయటికి రాదు. వాటిని ఆఫ్ చేసి, ఛార్జింగ్ రంధ్రం మీద టేపు అంటించి, నురగతో పైపైన మాత్రమే తుడవండి.

పొడి పని

తడి చేసే ముందు దుమ్ము దులపాలి. దుమ్ముతోనే తడిపితే అది బురదై బొచ్చు మొదళ్లలోకి దిగుతుంది. బాల్కనీలో బాగా దులిపి, మెత్తటి బ్రష్‌తో బొచ్చుకు ఎదురు దువ్వండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని మూతికి పల్చటి గుడ్డ కట్టి లాగండి, లేకపోతే అంటించిన ముక్కూ కళ్లూ ఊడి లోపలికి పోవచ్చు.

వాసన ఒక్కటే సమస్య అయితే ఇక్కడితోనే ఆగిపోవచ్చు. బ్యాటరీ మూత మీద, స్పీకర్ రంధ్రాల మీద టేపు వేసి, బొమ్మను పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రెండు మూడు చెంచాల వంట సోడా వేసి మూతి బిగించి బాగా కుదపండి. అరగంట తర్వాత తీసి పూర్తిగా దులిపేయండి. వంట సోడా వాసనను లాగుతుంది కానీ క్రిములను చంపదు, మరకలు తీయదు.

నురగతో తోమడం

ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ నమ్మేది ఈ పద్ధతినే. గిన్నెలో అర కప్పు గోరువెచ్చటి నీళ్లు, ఒక చెంచా బేబీ షాంపూ వేసి, గట్టిగా నురగ వచ్చేదాకా గిలక్కొట్టండి. మనకు కావాల్సింది పైన తేలిన నురగే, అడుగున ఉన్న నీళ్ల జోలికి పోవద్దు. నురగలో ఎక్కువగా గాలే ఉంటుంది కాబట్టి బొచ్చుకు అంటుకుని ఉంటుంది తప్ప లోపలి దూదిలోకి కారదు.

మొదట కాలి అడుగున, కనపడని చోట కొంచెం రాసి, ఐదు నిమిషాలాగి తెల్లగుడ్డతో ఒత్తి చూడండి. రంగు దిగకపోతే ముందుకు వెళ్లచ్చు. పాత మెత్తటి టూత్ బ్రష్‌తో నురగ తీసుకుని, ఒకసారికి అరచేతి వెడల్పు మాత్రమే చేయండి. బొచ్చు పడుకున్న వైపే, గుండ్రంగా తిప్పకుండా పొడుగ్గా తోమాలి. గుండ్రంగా తిప్పితే చిక్కు పడుతుంది. మొదటి రెండు తోముళ్లకే తెల్ల నురగ బూడిద రంగుకు తిరుగుతుంది. అది చూస్తే ఇన్నాళ్లూ పిల్ల దేనికి ముఖం ఆనించి పడుకుందో అర్థమై మనసు చివుక్కుమంటుంది. వెంటనే తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచేయండి. గుడ్డను వేరే నీళ్లలో జాడించి మళ్లీ తుడవండి. ఇలా మూడుసార్లు. సబ్బు మిగిలిపోతే బొచ్చు గట్టిపడుతుంది, కొత్త దుమ్మును ఇంకా త్వరగా పట్టుకుంటుంది. పైగా పిల్లలు అదే చెవిని మళ్లీ నోట్లో పెట్టుకుంటారు.

పొట్ట దగ్గర చేసేటప్పుడు బొమ్మను బోర్లా, తోమే భాగం నేల వైపు ఉండేలా పట్టుకోండి. తడి కారినా కిందికే కారుతుంది, స్పీకర్ వైపు వెళ్లదు. ఇది చిన్న సంగతే కానీ డబ్బా కుట్టేసిన బొమ్మలను కాపాడేది ఇదే.

పాలు, వాంతి, మూత్రం మరకలకు వేడినీళ్లు వద్దు. వేడికి వాటిలోని ప్రొటీన్ గట్టిపడి నూలుకు అతుక్కుపోతుంది. చల్లటి నీళ్లలో పిండిన గుడ్డతో ముందు అద్ది, తర్వాత నురగ. పెన్ను గీతలకు దూదిని ఆల్కహాల్‌లో తడిపి అద్దండి, రుద్దితే మరక పాకుతుంది. చూయింగ్ గమ్ అంటుకుంటే ఐసు ముక్కను ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాని మీద ఆనించండి, గట్టిపడ్డాక గోటితో పెళుసుగా ఊడొస్తుంది. మెరిసే ప్లాస్టిక్ కళ్లను మాత్రం సబ్బుగుడ్డతోనే తుడవండి, ఆల్కహాల్ తగిలితే కొన్ని రకాల ప్లాస్టిక్ మసకబారుతుంది. బ్లీచ్, సువాసన నూనెలు, బట్టలకు వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ ఏవీ వద్దు.

డబ్బా బయటికి వచ్చే బొమ్మ అయితే, డబ్బా తీశాక మిగిలింది మామూలు బొమ్మే. లేబుల్ ఒప్పుకుంటే దిండు గలీబులో వేసి మూతి కట్టి, వాషింగ్ మెషీన్‌లో 30 డిగ్రీల దగ్గర, సున్నితమైన బట్టలకు పెట్టే సెట్టింగ్‌లో తిప్పచ్చు. డబ్బాను కొంచెం ఆల్కహాల్ అద్దిన గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

కుట్లు విప్పాలా?

సాధారణంగా అవసరం లేదు. వాంతో, మూత్రమో లోపలి దూది దాకా దిగి, ఎంత తుడిచినా వాసన పోకపోతేనే విప్పండి. వీపు మీద ఒకచోట కుట్టు మిగతా కుట్ల కంటే కొంచెం వదులుగా, వంకరగా కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో దూది నింపాక చివర్లో చేత్తో మూసిన చోటు అది. అక్కడే చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ తెంపండి. దూదిని గుప్పెళ్లతో తీసి సంచిలో వేయండి. సౌండ్ బాక్స్ కనపడగానే లాగేయకండి. వైర్లు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి, వాటి అతుకులు చిన్న లాగుడుకే ఊడిపోతాయి. వైరు ఎటు వెళ్తుందో వేలితో అనుసరించి, చివరి బటన్‌ను కూడా మెల్లగా వెనక్కి తెచ్చుకోగలిగితేనే డబ్బా బయటికి తీయండి. బటన్‌ను చేతి లోపలే కుట్టేసి ఉంటే అక్కడితో ఆపి, డబ్బాను ప్లాస్టిక్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి, దాని చుట్టూ మాత్రమే శుభ్రం చేయండి.

తిరిగి కుట్టేటప్పుడు పాలిస్టర్ దారం రెండు పేటలు వేసి, రెండు అంచులనూ లోపలి వైపు నుంచి అందుకుంటూ దగ్గర దగ్గరగా కుట్టండి. కుట్టాక రెండు చేతులతో గట్టిగా లాగి చూడండి. మళ్లీ తేలిగ్గా ఉంటుందని అక్కడ వెల్క్రో పెట్టాలనిపిస్తుంది. పెద్ద పిల్లలైతే పరవాలేదు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మకు మాత్రం పెట్టకండి. వాళ్లు విప్పుతారు, దూది నోట్లోకి వెళ్తుంది.

ఆరబెట్టడం

నా కుందేలు పోయింది ఇక్కడే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను.

బొమ్మను పొడి టవల్‌లో చుట్టి అరచేతులతో ఒత్తండి. మెలితిప్పి పిండకండి, లోపలి దూది ఉండలు కడుతుంది, వైర్లు తెగుతాయి. తర్వాత బ్యాటరీ మూత తెరిచే ఉంచి, ఆ రంధ్రం కిందికి వచ్చేలా, గాలి ఆడే జాలీ మీదో బట్టల స్టాండ్ మీదో పెట్టండి. ఫ్యాన్ వేసి నాలుగైదు గంటలకోసారి పక్క మార్చండి. సగం ఆరినప్పుడు ఒకసారి దువ్వితే బొచ్చు మళ్లీ మెత్తగా లేస్తుంది. పూర్తిగా ఆరాక దువ్వితే అంత బాగా రాదు. హెయిర్ డ్రయ్యర్ వాడితే చల్లగాలి మీదే, జానెడు దూరం నుంచి వాడండి. ఆ బొచ్చు పాలిస్టరో ఆక్రిలిక్కో అయి ఉంటుంది. వేడి తగిలితే కొసలు కరిగి ఒకదానికొకటి అంటుకుని గరుకుగా అయిపోతాయి, ఇక ఏం చేసినా మెత్తబడవు. మండుటెండ కూడా వద్దు, రంగు వెలుస్తుంది. గాలి, వెలుతురు ఉన్న నీడ చాలు.

బియ్యం డబ్బాలో పెడితే తడి లాగేస్తుందని అంటుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఊరికే గాలికి పెడితే జరిగేంత మేలు కూడా బియ్యం చేయదు, పైగా దాని పిండి స్పీకర్ రంధ్రాల్లోకి, బ్యాటరీ గూట్లోకి చేరుతుంది.

పైపైన తుడిచిన బొమ్మకు 24 గంటలు, బాగా తడిసిన బొమ్మకు 48 గంటలు తక్కువ కాకుండా ఇవ్వండి. ముసురు పట్టిన రోజులైతే ఇంకో రోజు కలపండి. గడియారం కంటే నేను చెంపను ఎక్కువ నమ్ముతాను. ఆరిన బొమ్మ ఇంకొకటి పక్కన పెట్టుకుని, రెండింటినీ పొట్ట దగ్గర నొక్కిపట్టి చెంపకు ఆనించండి. కడిగినది కొంచెం చల్లగా తగిలితే లోపల తడి ఇంకా ఆరుతూనే ఉంది. రెండూ ఒకేలా తగిలితేనే ఆరినట్టు. బ్యాటరీ గూట్లో టిష్యూ కాగితం మడిచి పెట్టి గంట తర్వాత తీసి చూడటం కూడా మంచిదే.

ఈ రెండు రోజులూ పిల్లల్ని సముదాయించడమే అసలు పని. బొమ్మను దాచిపెడితే టెన్షన్ పడతారు. ఎక్కడ ఆరుతోందో చూపించండి, దువ్వే పని వాళ్లకే ఇవ్వండి. మా అమ్మాయి రోజుకు పదిసార్లు వెళ్లి ఫ్యాన్ కింద ఉన్న ఎలుగుబంటికి దుప్పటి కప్పబోయేది. "తడి ఆరాలమ్మా, దానికి ఇప్పుడు గాలి కావాలి" అంటే ఊరుకునేది.

కొన్ని వేరే సందర్భాలు

బొమ్మ బకెట్‌లోనో టబ్బులోనో పడిపోతే, పనిచేస్తోందా అని బటన్ నొక్కి చూడకండి. ముందు బ్యాటరీలు లాగేయండి. నీళ్లు కార్చి, టవల్‌లో ఒత్తి, మూడు రోజులు ఆరబెట్టండి. జ్యూసులో పడితే మరుసటి రోజుకల్లా డబ్బా తెరిచి, బోర్డును మెత్తటి బ్రష్‌తో 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. చక్కెర బోర్డు మీదే ఎండిపోతే తడిని పట్టి ఉంచుతుంది. స్పీకర్ కాగితానికి ఆల్కహాల్ తగలనివ్వకండి.

ఇంట్లో ఎవరికైనా పేలు పడితే బొమ్మను ఉతకనక్కర్లేదు. తల మీద నుంచి రాలిన పేను ఒకటి రెండు రోజులకు మించి బతకదు. సంచిలో పెట్టి మూతి బిగించి రెండు వారాలు పక్కన ఉంచితే సరిపోతుంది. దుమ్ముతో తుమ్ములు, ఆయాసం వచ్చే పిల్లలుంటే, డబ్బా, బ్యాటరీలు తీసేసిన బొమ్మను మూసిన సంచిలో 24 గంటలు ఫ్రీజర్‌లో పెట్టచ్చు. డస్ట్ మైట్స్ అనే కంటికి కనపడని పురుగులు చలికి చస్తాయి. అయితే అలర్జీ తెచ్చే వాటి పెంటికలు అలాగే ఉంటాయి కాబట్టి తర్వాత ఉతకడం తప్పదు. డబ్బా బయటికి రాని బొమ్మను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, బయటికి తీయగానే లోపల చెమర్చుతుంది.

దూదిలో నల్లటి బూజు చుక్కలు కనిపించినా, ఛార్జింగ్ బ్యాటరీ ఉబ్బినా, బ్యాటరీ మూత పగిలి స్క్రూ నిలవకపోయినా ఆ బొమ్మను పిల్లలకు ఇవ్వకండి. అతికించి వాడుకోవాలని చూడద్దు.

బ్యాటరీలు మళ్లీ వేసే ముందు

పిల్లలు నిద్రపోయాక ఈ పని పెట్టుకోండి. అన్నీ కొత్త బ్యాటరీలే వేయండి, పాతవీ కొత్తవీ కలిపితే పాతది ముందు కారుతుంది. ఫొటో చూసుకుని ప్లస్ మైనస్ సరిచూసి, స్క్రూ బిగించి, ఆన్ చేసి ఐదు నిమిషాలు చేతిలోనే పట్టుకోండి. డబ్బా ఉన్న చోట వేడిగా తగిలినా, కాలిన వాసన వచ్చినా, గొంతు సాగినా వెంటనే తీసేసి ఇంకో రోజు ఆరబెట్టండి. స్పష్టంగా పాడితే ఆఫ్ చేసి పిల్లల పక్కలో, ఎప్పుడూ ఉండే చోటే పెట్టేయండి.